కాన్పు అయ్యాక తల్లిని చూసేదెవరు? విజయవాడ, గుంటూరు వాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

కృష్ణలంక_అక్క | గురువారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా చెల్లికి 24 ఏళ్ళు. మెట్టినిల్లు తెనాలి. తొలి కాన్పు కదా అని ఏడో నెలలోనే కృష్ణలంకకి, పుట్టింటికి తెచ్చుకున్నాం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు, పాప పుట్టింది. ఇవాళ్టికి 36 రోజులు.

ఐదో రోజు ఇంటికి వచ్చాం. ఆరో రోజు నుంచి తలనొప్పి అంటోంది. మా అమ్మ "రాత్రుళ్ళు నిద్ర లేదు, పైగా ఫ్యాను కింద పడుకుంటోంది, గాలి తగిలింది" అని చెవుల్లో దూది పెట్టి, తలకి గట్టిగా తువ్వాలు కట్టింది. నేనూ అదే అనుకున్నాను. ఎనిమిదో రోజు పొద్దున పాపకి పాలిస్తూ "అక్కా, క్యాలెండర్‌లో అంకెలు రెండేసి కనిపిస్తున్నాయే" అంది. మా నాన్నకి బీపీ ఉండటంతో ఇంట్లో మిషన్ ఉంది. ఎందుకు తోచిందో తెలియదు, ఆ పట్టీ దాని చేతికి చుట్టాను. 170, కింద 110. మిషన్ పాడైందనుకుని నా చేతికి పెట్టుకున్నాను, 118 చూపించింది. మళ్ళీ దానికి పెడితే 172.

పాపని అమ్మకి ఇచ్చేసి ఆటోలో పరుగెత్తాం. వెంటనే చేర్చుకుని మెగ్నీషియం ఇంజక్షన్లు మొదలుపెట్టారు. "ఫిట్స్ వచ్చేదాకా ఉండకుండా తెచ్చారు" అన్నారు డాక్టరు గారు. కడుపుతో ఉన్నప్పుడు దానికి ఒక్కసారి కూడా బీపీ లేదు. కాన్పు తర్వాత కూడా వస్తుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇంటికి వచ్చాక డిశ్చార్జి కాగితం తీసి చదివాను. పాపకి ఏ టీకా ఎప్పుడో పట్టిక మొత్తం ఉంది. చెల్లి గురించి ఒక్కటే ముక్క, పది రోజులకి కుట్లు చూపించుకోవాలని. నేను డిగ్రీ చదివాను, ఆ కాగితం ఐదో రోజే నా చేతికి ఇచ్చారు. మూడు రోజులు బీరువాలో పెట్టి ఉంచాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

అందుకే అడుగుతున్నా. మీలో ఎంతమంది కాన్పు అయ్యాక మీ కోసం, బిడ్డ కోసం కాదు, మీ కోసం డాక్టరు దగ్గరికో, సిస్టరు దగ్గరికో వెళ్ళారు? వెళ్ళకపోతే ఏది ఆపింది?

పటమట_అమ్మమ్మ | గురువారం, రాత్రి 10:25

మీ చెల్లి బాగుంది కదమ్మా, అది చాలు. తప్పు నీ మీద వేసుకోకు.

నాకు 71 ఏళ్ళు. నలుగురు పిల్లల్ని కన్నాను, ఇద్దరు కూతుళ్ళకి పురుళ్ళు పోశాను. పాత పద్ధతుల వల్లే ఇదంతా అని ఇప్పుడు ఎవరో ఒకరు రాస్తారు, అందుకే ముందుగా చెబుతున్నా. మా రోజుల్లో మంత్రసాని కాన్పు చేసి వెళ్ళిపోయేది కాదు. పదకొండో రోజు పురుడు వెళ్ళేదాకా రోజూ పొద్దున్నే వచ్చేది. ఒళ్ళంతా నూనె రాసి, వేన్నీళ్ళు పోసేది. పోసేటప్పుడు పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి దిగిందా లేదా చూసేది. బట్టలు చూసి "ఇంకా ఎర్రగానే ఉందేంటమ్మా" అనేది. ఒళ్ళు కాలుతుంటే ఆమెకే ముందు తెలిసేది. ఆమెకి జబ్బుల పేర్లు తెలియవు, మందులు తెలియవు. దానివల్ల ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు, కాదనను. మా పెద్దమ్మ బాలింత సన్నిపాతంతోనే పోయింది. కానీ రోజూ ఒక మనిషి వచ్చి తల్లి ఒంటిని కళ్ళతో చూసేది.

కాన్పు ఆసుపత్రికి మారింది, మంచిదే. ఆ రోజూ వచ్చే మనిషి మాత్రం పోయింది. ఆమె చోట ఎవరు వస్తున్నారు? నా కూతుళ్ళ కాన్పులప్పుడు ఎవరూ రాలేదు. స్నానానికి వేడినీళ్ళు పెట్టడం నాకు తెలుసు, బీపీ చూడటం నాకు తెలియదు కదా.

వార్డు_సిస్టర్ | గురువారం, రాత్రి 11:05

అమ్మమ్మ గారూ, మీరు అడిగినదానికి నేనే జవాబు చెప్పాలి. నేను విజయవాడలో అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఏఎన్ఎంని, అంటే తల్లీబిడ్డల్ని చూసే ప్రభుత్వ నర్సుని.

ఆ మనిషి ఉండాలి. రూల్ ప్రకారం ఉంది కూడా. 2011 నుంచి ఇంటి దగ్గర నవజాత శిశువుల సంరక్షణ అని కార్యక్రమం ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్ళాలి. బిడ్డ బరువు, ఊపిరి, బొడ్డు, పాలు తాగడం చూడాలి, తల్లికి జ్వరం, రక్తస్రావం ఉన్నాయేమో అడగాలి. ఆరుసార్లు తిరిగితే ఆమెకి ఇచ్చేది 250 రూపాయలు. బీపీ మిషన్ ఉండేది మా దగ్గర. ఆశా అనుమానం వచ్చి చెబితేనే మేం వెళ్తాం.

మరి కృష్ణలంక ఇంటికి ఎందుకు రాలేదంటే, చెప్తాను. మీ చెల్లిని గర్భిణిగా నమోదు చేసింది తెనాలిలో. అక్కడి ఆశాకి ఆమె పేరు ఉంది, మనిషి లేదు. కృష్ణలంక ఆశాకి మనిషి కళ్ళముందే ఉంది, పేరు జాబితాలో లేదు. తెనాలి నుంచి ఫోన్ చేస్తారు, ఆ నంబరు భర్తది. ఆయన పనిలో ఉంటాడు, "బాగానే ఉందండి, వాళ్ళమ్మ గారింట్లో ఉంది" అంటాడు. రిజిస్టర్‌లో "బాగుంది" అని పడుతుంది. అంతే.

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో అనేది అందరికీ తెలిసిన ఆచారం. తల్లికి అది మంచిది కూడా, అమ్మ చేతికింద విశ్రాంతి దొరుకుతుంది. మా రిజిస్టర్లు మాత్రం ఆడపిల్ల కాన్పు తర్వాత మెట్టినింట్లోనే ఉంటుందన్నట్టు నడుస్తాయి. నాకు తెలిసి మా వార్డులో తప్పిపోయే తల్లుల్లో ఎక్కువమంది ఇలా తప్పిపోయినవాళ్ళే. పట్టించుకోని వాళ్ళని నేను పెద్దగా చూడలేదు.

పుట్టింటికి వచ్చినవాళ్ళు దయచేసి అక్కడి ఆశాకో, సచివాలయంలో ఏఎన్ఎంకో ఒక్క మాట చెప్పండి. తల్లీబిడ్డల కార్డు మీద నంబరు ఉంటే చాలు, ఎక్కడైనా చూస్తారు.

చిట్టినగర్_కొండ | శుక్రవారం, ఉదయం 6:50

మాది కొండ మీద ఇల్లు. రోడ్డు నుంచి మా గుమ్మానికి 112 మెట్లు, ఆపరేషన్ అయ్యాక ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి కింద రోడ్డు మీద దింపింది, డ్రైవరు మంచివాడు, సంచి పైదాకా మోశాడు. నన్ను మాత్రం మా ఆయన, మరిది కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చారు. మధ్యలో మూడుచోట్ల దించారు. కుట్లు ఊడతాయేమోనని పొట్ట పట్టుకునే ఉన్నాను.

పదో రోజు మళ్ళీ రమ్మన్నారు. ఆ కుర్చీ తలుచుకుని వెళ్ళలేదు. కుట్ల దగ్గర చీము పట్టినప్పుడు, పదిహేనో రోజు వెళ్ళాను.

మా ఆశా అక్కకి యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. అయినా మూడుసార్లు పైకి వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు గుమ్మంలో కూర్చుని పావుగంట ఆయాసం తీర్చుకున్నాకే పాపని తూకం వేసింది. ఆ సంచిలో వేలాడదీసే తక్కెడ, థర్మామీటరు ఉన్నాయి. "నీకెలా ఉంది" అని అడిగింది, బాగానే ఉందన్నాను. అప్పటికే కుట్లు మండుతున్నాయి. అంత కష్టపడి ఎక్కి వచ్చిన మనిషికి ఇంకో పని చెప్పబుద్ధి కాలేదు.

మిర్చి_బజారు | శుక్రవారం, మధ్యాహ్నం 2:15

గుంటూరు నుంచి. నేను మా పక్కింటి అమ్మాయి తరఫున రాస్తున్నాను, ఆమెకి చదువు రాదు. చదివి వినిపించాకే పెడుతున్నాను.

ఆమె మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. మూడో కాన్పు, మామూలు కాన్పే, మార్చిలో. మార్చి అంటే మిర్చి సీజను నడుమ. యార్డులో పని దొరికేది ఈ నాలుగు నెలలే, మళ్ళీ వానలు పడ్డాక పనుండదు. 25వ రోజున పనికి వెళ్ళింది. బిడ్డని పెద్దపిల్ల దగ్గర, తొమ్మిదేళ్ళ పిల్ల దగ్గర వదిలి. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ కడిగి, అప్పుడు పాలివ్వడానికి తీసుకునేది. అయినా ఒకరోజు ఆ ఘాటు ఎక్కడో మిగిలి బిడ్డ మూతి మండి గుక్కపట్టి ఏడ్చింది. ఆ రోజు ఆమె కూడా గోడకి ఆనుకుని ఏడ్చింది, నేను చూశాను.

చూపించుకోమంటే ఆమె చెప్పిన లెక్క ఇది. ఆసుపత్రికి వెళ్తే ఓపీ చీటీకి లైను, డాక్టరుకి లైను, రక్తపరీక్షకి లైను, రిపోర్టుకి మర్నాడు రావాలి. రెండు రోజుల కూలీ పోతుంది. మందులు ఉచితమే, కాదనడం లేదు. "ఉచితం అంటే నా రోజు కూడా ఉచితమా అక్కా" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఇంకోటి కూడా ఉంది, రాయమంది. కాన్పు రోజు నొప్పులకి కేకలేస్తుంటే అక్కడ ఒకామె "మూడోదాన్ని కనేటప్పుడు తెలియలేదా" అంది. అందరి ముందూ. ఆ గుమ్మం మళ్ళీ తొక్కనని అప్పుడే అనుకుందట. కూలీ సంగతి ముందు చెప్పింది గానీ అసలు కారణం ఇదేనని నాకనిపిస్తుంది.

గుణదల_నాన్న | శుక్రవారం, రాత్రి 8:30

ఒక మగవాడిగా అడుగుతున్నా, తప్పుగా అనుకోకండి. సిస్టర్ గారు చెప్పిన ఆ ఫోన్ ఎత్తే భర్తని నేనే. అచ్చం అదే మాట చెప్పాను, "బాగానే ఉందండి".

అబద్ధం చెప్పాలని కాదు. మా ఆవిడ పామర్రులో ఉంది, నేను ఇక్కడ. రోజూ వీడియో కాల్‌లో బాబుని చూపించేది, వాడు నవ్వితే నవ్వాడు, ఏడిస్తే ఏడ్చాడు అని అరగంట మాట్లాడుకునేవాళ్ళం. ఆమె మొహం కెమెరాలో ఉండేదే కాదు. బాబు పట్టుకున్న చెయ్యి కనిపించేది.

అసలు తీసుకెళ్తే ఏం చూస్తారు? జబ్బేమీ లేనప్పుడు డాక్టరుతో ఏమని చెప్పాలి? నిజంగా తెలియక అడుగుతున్నాను.

కాన్పుల_డాక్టర్ | శుక్రవారం, రాత్రి 11:50

డ్యూటీ అయ్యి ఇప్పుడే చూశాను. గుంటూరులో స్త్రీవైద్య నిపుణురాలిని. గుణదల నాన్నగారూ, ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఏ భర్తా నన్ను అడగలేదు. ముందు మీకే చెబుతాను.

జబ్బు లేనప్పుడే రావాలి. మేం బీపీ చూస్తాం. ప్రసవం తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ బాగా పెరుగుతుంది. ఆ సమయానికి చాలామంది ఇంట్లో ఉంటారు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివాళ్ళకి కూడా ఆరు వారాల వరకు రావచ్చు. కృష్ణలంక అక్కగారి చెల్లికి జరిగింది ఇదే. గర్భసంచి దిగిందా, రక్తస్రావం ఎలా ఉంది, వాసన ఉందా, కుట్లు మానాయా, రొమ్ముల్లో గడ్డ కట్టిందా, మూత్రం మంట ఉందా చూస్తాం. కనురెప్ప కింద చూసి రక్తం తక్కువుందనిపిస్తే పరీక్ష రాస్తాం. ఐరన్ మాత్రలు కాన్పుతో ఆపేస్తారు మన దగ్గర, నిజానికి ఆ తర్వాత ఇంకో 180 రోజులు వేసుకోవాలి. మళ్ళీ గర్భం వెంటనే రాకుండా ఏం చేయాలో మాట్లాడతాం. నిద్ర, దిగులు గురించి అడుగుతాం. అడగాలి, మాలో చాలామందిమి అడగం. అది మా లోపం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం కాన్పు తర్వాత కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంచాలి. ఆ తర్వాత 48 నుంచి 72 గంటల మధ్య ఒకసారి, 7 నుంచి 14 రోజుల మధ్య ఒకసారి, ఆరో వారంలో ఒకసారి తల్లినీ బిడ్డనీ చూడాలి. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో అవుతున్నాయి. కాబట్టి మొదటి రోజు ఎవరో ఒకరు చూస్తున్నారు. అదే సర్వే దేశం మొత్తం మీద రెండు రోజుల్లోపు పరీక్ష అందిన తల్లులు 78 శాతం అని చెప్పింది. ఈ అంకెలన్నీ ఆ రెండు రోజులవే. నాకు భయం కలిగించేది మూడో రోజు నుంచి.

ఎవరు వస్తారు, ఎవరు రారు అంటే, నేను చూసినంతలో గర్భంతో ఉన్నప్పుడు క్రమంగా చూపించుకున్నవాళ్ళు తర్వాత కూడా వస్తారు. తొలి కాన్పువాళ్ళు వస్తారు, మూడో కాన్పువాళ్ళు రారు, అలవాటే కదా అనుకుంటారు. ఆపరేషన్ అయినవాళ్ళు కుట్ల కోసం వస్తారు. మన రాష్ట్రంలో ఆ సర్వే నాటికి 42.4 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో 63 శాతం, ప్రభుత్వంలో 26.6 శాతం. మామూలు కాన్పు అయితే "సులువుగా అయిపోయింది" అని ఇంట్లోవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. రక్తస్రావం, ఇన్ఫెక్షను, బీపీ అలాంటి తేడా చూడవు. చదువు గురించి అందరూ చెబుతారు, కొంత నిజం. కానీ పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి కూడా 21 రోజులు గది దాటకపోతే మాకు కనిపించదు.

ఆగకుండా తేవలసినవి: గంటలోపే ప్యాడు నిండిపోతున్నా, 100.4 దాటి జ్వరం ఉన్నా, దుర్వాసన ఉన్నా, తలనొప్పితో పాటు చూపు మసకబారినా, ఒక కాలు వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా, ఫిట్స్ వచ్చినా. ముహూర్తం, వర్జ్యం చూడకండి, 108కి ఫోన్ చేయండి.

మిర్చి బజారు గారూ, ఆ మాట అన్న వాళ్ళ తరఫున నేను క్షమాపణ చెబితే సరిపోదు, అయినా చెబుతున్నాను. ఒక్క మాటతో ఒక తల్లి ఆరు వారాల పాటు మా తలుపు తట్టకుండా పోయింది.

బ్రాడీపేట_కోడలు | శనివారం, ఉదయం 7:35

డాక్టరు గారూ, 21 రోజులు గది దాటకపోవడం అన్నారు కాబట్టి. మా అత్తగారు మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చేవారు, ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని, కుట్లు చీము పడతాయని. పెరుగు లేదు, పండ్లు లేవు. కాయం ముద్ద, వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. మలబద్ధకంతో ఏడ్చాను. ఇవన్నీ మానేయాలా?

కాన్పుల_డాక్టర్ | శనివారం, ఉదయం 8:10

నీళ్ళు కొలవడం తప్పకుండా మానాలి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, దాహం వేసినప్పుడల్లా తాగాలి. నీళ్ళ వల్ల కుట్లకి చీము పట్టదు. పండ్లు, ఆకుకూరలు, పెరుగు తినవచ్చు. వెల్లుల్లి కారం, నెయ్యన్నం మీకు పడితే తినండి, వాటితో నాకు గొడవ లేదు. గదిలో బొగ్గుల కుంపటి, పొగ మాత్రం వద్దు, బిడ్డ ఊపిరికి మంచిది కాదు. నడుం కట్టు కుట్ల మీద బిగించవద్దు.

విశ్రాంతి మంచి ఆచారం. బయటికి పంపకపోవడమే చిక్కు. పురుడు అని బయటికి పంపని ఇంట్లోవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మనిషిని పంపలేకపోతే బీపీ చూసేవాళ్ళని ఇంటికి పిలిపించండి.

పటమట_అమ్మమ్మ | శనివారం, ఉదయం 9:00

నీళ్ళ సంగతి నేనూ పాటించాను, నా చిన్నకూతురికి. ఇప్పుడు చదువుతుంటే బాధగా ఉంది. మా అత్తగారు చెప్పింది, నేను చేశాను, ఎందుకని ఎవరినీ అడగలేదు.

డాక్టరమ్మా, ఒక మనవి. ఇవన్నీ అమ్మాయికి చెబితే లాభం లేదు. పక్కమీద ఉన్న బాలింత ఇంట్లో ఎవరికి చెబుతుంది? డిశ్చార్జి రోజు అత్తగారినో, అమ్మనో పిలిచి కూర్చోబెట్టి చెప్పండి. మేం మొండివాళ్ళమే కానీ, డాక్టరు మా మొహం చూసి "మీ చేతుల్లో పెడుతున్నాను" అంటే వింటాం.

సింగ్‌నగర్_అమ్మ | శనివారం, మధ్యాహ్నం 3:20

మాది అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చినప్పుడు నాకు కాన్పు అయ్యి 13 రోజులు. మామూలు కాన్పు, కింద కుట్లు. మా ఇల్లు కింది అంతస్తు. పొద్దున లేచేసరికి మంచం కోళ్ళు మునిగాయి, మధ్యాహ్నానికి గుండెల దాకా నీళ్ళు. బాబుని ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకుని పక్కవాళ్ళ రెండో అంతస్తుకి ఎక్కాం. ఆ మురుగునీళ్ళలో నడిచాను. నాలుగు రోజులు కరెంటు లేదు, కడుక్కోవడానికి మంచినీళ్ళు లేవు, మార్చుకోవడానికి పొడిబట్ట లేదు. కుట్ల దగ్గర భరించలేని నొప్పి, చలిజ్వరం.

పడవలో బయటికి తెచ్చాక శిబిరంలో మందులిచ్చేవాళ్ళు ఎదురొచ్చారు. బాబుని తీసుకుని చంకలో థర్మామీటరు పెట్టారు, చెవి చూశారు, పాలు తాగుతున్నాడా అన్నారు. నా వైపు బిస్కెట్ ప్యాకెట్టు, నీళ్ళ సీసా చాచారు. నాకు జ్వరమని నేనే చెప్పాల్సి వచ్చింది. ఎక్కడ నొప్పో చెప్పడానికి చుట్టూ మగవాళ్ళే. గడప దాటని బాలింతని అంతమందిలో ఎలా చెప్పను? మర్నాడు ఒక నర్సు కనిపిస్తే ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

కార్డు నీళ్ళలో పోయింది. తర్వాత వెళ్ళిన చోట కార్డు ఏదని అడిగారు. బుడమేరు తీసుకుపోయిందని చెప్పాను.

పేరు_వద్దు | శనివారం, రాత్రి 1:45

ఇన్నాళ్ళూ చదవడమే, ఎప్పుడూ రాయలేదు.

రెండో పాప పుట్టింది. "మళ్ళీ ఆడపిల్లేనా" అని ఎవరూ అనలేదు నన్ను, కానీ స్వీట్లు పంచలేదు. మొదటి పాపకి పంచారు. ఇప్పుడు 50 రోజులు. పాప నిద్రపోయినా నాకు నిద్ర రాదు. ఎందుకో తెలియకుండా ఏడుపు వస్తుంది. పాపని ఎత్తుకుంటే ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు ఉంటుంది. అమ్మకి చెబితే "దిష్టి తగిలింది" అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పడేసింది.

నెలన్నర టీకాకి వెళ్ళాను. పాపకి బాగానే వేశారు. జ్వరం వస్తే ఏ చుక్కలు వేయాలో చెప్పారు. "నువ్వెలా ఉన్నావమ్మా" అని అడిగి ఉంటే అక్కడే చెప్పేసేదాన్నేమో.

కాన్పుల_డాక్టర్ | ఆదివారం, ఉదయం 5:40

అమ్మా, రాసినందుకు సంతోషం. మొదటి పది పదిహేను రోజులు ఏడుపు రావడం చాలామందిలో ఉంటుంది, దానంతట అదే పోతుంది. రెండు వారాలు దాటి ఇలా ఉంటే అది జబ్బు. బీపీ లాగే, చీము లాగే జబ్బు. నీ తప్పు కాదు, పాప మీద ప్రేమ లేక కాదు. మందు ఉంది, తగ్గుతుంది. పాలిస్తూ కూడా వాడగల మందులున్నాయి.

14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. రేపు మీవారినో, అమ్మనో తోడు తీసుకుని దగ్గర్లోని డాక్టరుని కలువు. పాపకో, నీకో ఏదైనా చేసుకోవాలనే ఆలోచన వస్తే రేపటిదాకా ఆగవద్దు, పక్కగదిలో ఉన్నవాళ్ళని ఇప్పుడే లేపు.

చిట్టినగర్_కొండ | ఆదివారం, ఉదయం 6:15

పేరు వద్దు గారూ, ఎక్కడ ఉంటారో చెప్పక్కర్లేదు. మీకు తోడు కావాలంటే నాకు మెసేజి పెట్టండి. మెట్లు దిగి వస్తాను.

వార్డు_సిస్టర్ | ఆదివారం, రాత్రి 9:30

పేరు వద్దు గారి పోస్టు చదివాక నిన్నటి నుంచి మనసు బాగోలేదు. ఆ టీకా వేసింది నేను కాకపోవచ్చు, కానీ నేనూ అలాగే వేస్తాను. బుధవారం, శనివారం మాకు టీకాల రోజులు. ఒక్కోసారి ముప్ఫై మంది పిల్లలు. నెలన్నరకి వచ్చే బిడ్డకి పెంటావాలెంట్, పోలియో, రోటా, న్యుమోకోకల్, ఇన్ని ఉంటాయి. అన్నీ రాయాలి, ఫోన్‌లో ఎక్కించాలి. బిడ్డని ఎత్తుకుని వచ్చిన తల్లి నా కళ్ళముందే ఉంటుంది. ఆ రోజు ఆమెకి సరిగ్గా ఆరు వారాలు! డాక్టరు గారు చెప్పిన ఆఖరి పరీక్షకి సమయం అదే. ఆమె తనంతట తను వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేను తొడ పట్టుకో తల్లీ అని బిడ్డ తొడ చూపిస్తాను.

మేం బిడ్డని వదలం, ఎందుకంటే ప్రతి టీకాకీ లెక్క ఉంది. తొలి కాన్పుకి కేంద్రం ఇచ్చే మాతృ వందన పథకం డబ్బు 5000లో రెండో విడత రావాలన్నా బిడ్డ పుట్టిన నమోదు, మొదటి విడత టీకాలు చూస్తారు. గర్భిణులకి 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రత్యేకంగా పరీక్షలున్నాయి. బాలింత పరీక్షకి అలాంటి తేదీ లేదు, దానికి ఏ డబ్బూ ముడిపడి లేదు. లెక్క అడగని పని వెనక్కి పోతుంది. మాకు ఇంకొక మనిషిని ఇస్తే బాగుంటుంది, అడుగుతూనే ఉన్నాం. ఈలోపు మిషన్ నా బల్ల మీదే ఉంది కదా.

కృష్ణలంక అక్కా, మీ చెల్లికి బుధవారానికి 42 రోజులు అవుతుంది, లెక్కేశాను. మీ దగ్గర్లోని సెంటర్‌కి పాపతో పాటు ఆమెనీ తీసుకెళ్ళండి. "తల్లికి కూడా చూడండి" అని నోరు తెరిచి అడగండి. బీపీ, రక్తం, ఐరన్, ఈ మూడూ అడగండి. తెనాలి కార్డైనా ఫరవాలేదు.

గుణదల_నాన్న | సోమవారం, రాత్రి 10:10

నిన్న పామర్రు వెళ్ళాను. చెప్పకుండా వెళ్ళాను. మా ఆవిడ చాలా చిక్కిపోయింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతోంది. మా అత్తగారు "పాలిస్తోంది కదా బాబూ, అలాగే ఉంటుంది" అన్నారు. ఇవాళ పొద్దున తీసుకెళ్ళి రక్తం చూపించాం, హిమోగ్లోబిన్ 7.4 ఉంది. మాత్రలు సరిపోవు, సెలైన్‌లో ఐరన్ ఎక్కించాలన్నారు. రేపు మొదలుపెడతారు. వారం సెలవు పెట్టాను.

మిర్చి_బజారు | మంగళవారం, సాయంత్రం 6:40

మా పక్కింటి అమ్మాయికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను, రెండు సాయంత్రాలు పట్టింది. డాక్టరు గారి క్షమాపణ రెండుసార్లు చదవమంది. ఏమీ అనలేదు. కాసేపాగి "ఆ డాక్టరమ్మ ఏ ఆసుపత్రి అక్కా" అంది. ఇక్కడ పేర్లు చెప్పరని చెప్పాను. మా వీధి ఆశాతో మాట్లాడాను. పని నుంచి వచ్చాక ఏడింటికి ఇంటికే వచ్చి చూస్తానంది, ఏఎన్ఎంని తెస్తానంది. చూడాలి.

కృష్ణలంక_అక్క | బుధవారం, మధ్యాహ్నం 1:30

ఇప్పుడే వచ్చాం. పదింటికి వెళ్ళాం. వరండాలో బల్లల మీద పదకొండు మంది తల్లులు, ఒళ్ళో పదకొండు మంది పిల్లలు. పాపకి టీకాలు వేశారు, ఏడ్చింది, పాలు పట్టాక ఊరుకుంది. అప్పుడు నేను "అమ్మా, మా చెల్లికి కూడా బీపీ చూడండి, ఎనిమిదో రోజు 170 వచ్చింది" అన్నాను. అక్కడి సిస్టరు ఒక్క క్షణం నన్ను చూసి, ఏమీ అనకుండా మిషన్ దగ్గరికి లాక్కున్నారు. 126, కింద 82. రక్తం 9.6. ఐరన్ మాత్రలు ఇచ్చారు, మళ్ళీ నెలకి రమ్మన్నారు. రిజిస్టర్‌లో తెనాలి నంబరు పక్కన "కృష్ణలంకలో ఉంది" అని రాసుకుని నా ఫోన్ నంబరు తీసుకున్నారు.

మేం లేవబోతుంటే పక్కన కూర్చున్న అమ్మాయి, ఇరవై ఉంటాయేమో, "నాకూ చూస్తారా అండీ, రెండు రోజులుగా తల బరువుగా ఉంది" అంది. సిస్టరు ఆమె చేతికి పట్టీ చుట్టారు. 150 దాటింది. ఆమె బాబు ఒళ్ళోంచి జారుతుంటే నేను ఎత్తుకున్నాను. సిస్టరు డాక్టరు గదిలోకి వెళ్ళి చెప్పి వచ్చి, ఆ అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళారు. వాళ్ళాయన వచ్చేదాకా ముప్పావుగంట బాబు నా దగ్గరే ఉన్నాడు.